బావకు పిల్లను వెతికిన ఆదివారాలు

ఆ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మధ్యాహ్నం భోజనాల దగ్గర తన ఫోన్లో పెళ్లికొడుకుల ఫొటోలు చూపించింది. చూపించడమంటే, నేను ఒక మొహాన్ని సరిగ్గా చూసే లోపలే బొటనవేలితో దాన్ని పక్కకు తోసేసి ఇంకొకటి తెచ్చేది. "ఇట్ల తోసేస్తే వాండ్లు ఏమీ అనుకోరా పాపా?" అని అడిగితే, "వాళ్లకు తెలియదు మేడం" అని తాపీగా పెరుగన్నం కలుపుకుంది. నేను నా డబ్బా మూత చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. మా రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు. అప్పటికే అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చేశాయి, పొద్దున లేస్తే పూలబొమ్మల శుభోదయాలు కూడా వచ్చేవి. అయినా ఒకే ఒక్క సంబంధాన్ని పక్కకు తోయడానికి నాకూ మా బావకూ ఒక వానాకాలం, ఒక చలికాలం, ఒక గొర్రెల డాక్టరు, ఒక అరువు మేక అవసరమయ్యాయి. (మా ఆయన ఈ కథలో లేడు, ఇదంతా అయ్యాకే నా బతుకులోకి వచ్చాడు. అందుకే ఇది చదవనని ముందే చెప్పేశాడు.)

మాది పెనుకొండ. ముందరి గదిలో మగ్గం, వెనక గదుల్లో మేము. మా నాయన చెల్లెలిని ధర్మవరం ఇచ్చారు. వాళ్లకు అక్కడ పట్టుచీరల అంగడి ఉంది. ఆ మేనత్త కొడుకే మా బావ. నేను ఉయ్యాల తొట్టిలో ఉన్నప్పుడు అతను తొంగి చూసి నవ్వాడట. అది చూసి మా అవ్వ "ఇంగ ఈ పిల్ల వీనికే" అనేసిందట. (మా అమ్మ చెప్పే ప్రకారం అతను నవ్వింది నన్ను చూసి కాదు, తొట్టికి వేలాడుతున్న గిలక్కాయను చూసి.) ఆ రోజు నుంచి ఆ మాట మా ఇంట్లో అలా ఉండిపోయింది. దాన్ని ఎవరూ గట్టిగా అనలేదు, ఎవరూ కాదనలేదు. ఎవరైనా చుట్టాలు వచ్చి "పిల్ల పెద్దదైందే" అంటే, "మా మనవడు ఉండాడు కదా" అని అవ్వ వక్కాకు నోట్లో వేసుకునేది, అంతటితో ఆ సంగతి అయిపోయేది. బావ చెడ్డవాడని కాదు. మంచివాడే. కానీ మా చిన్నప్పుడు ఒక ఎండాకాలంలో ఇద్దరికీ ఒకేసారి అమ్మవారు పోసింది. ఇద్దరినీ ఒకే గదిలో వేపాకుల మీద పడుకోబెట్టారు. ఒకరి వీపును ఇంకొకరు వేపమండతో గోకుతూ పెరిగిన వాళ్ల మధ్య ప్రేమ పుట్టాలంటే, ఆ ప్రేమకు చాలా ధైర్యం ఉండాలి. మా దగ్గరికి రావడానికి దానికి అంత ధైర్యం చాల్లేదు.

డిగ్రీ అయ్యాక నాకు హిందూపురంలో ఒక కంపెనీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఒక మేడ మీద గది తీసుకుని, ఇంకొక అమ్మాయితో కలిసి ఉండేదాన్ని. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. స్కూలు పిల్లలు మిస్సు, మిస్సు అంటే కింద ఇంటివాళ్లూ మిస్సు అన్నారు, కూరగాయల బండివాడూ మిస్సు అన్నాడు, చివరికి నేనూ అదే అన్నాను. మడకశిర పక్క పల్లె ఆమెది. పొడుగ్గా, నిటారుగా ఉండేది. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేది. కోపం వస్తే మొత్తం కన్నడమే. ఆమె ఒకసారి కళ్లద్దాల పైనుంచి చూసిందంటే, హోంవర్కు లేని నేను కూడా హోంవర్కు చేయలేదేమోనని భయపడేదాన్ని. అంత గంభీరమైన మనిషి సాయంత్రమైతే మేడ మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటూ, "నన్ను చేసుకునేవాడు నాతో సరిగా మాట్లాడితే చాలు కణే" అనేది. ఆ మాట నా మనసులో నాటుకుంది. సరిగా మాట్లాడేవాళ్లలో నాకు తెలిసినవాడు మా బావ ఒక్కడే. అంగట్లో కూర్చుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపకుండా మాట్లాడతాడు.

ఆ వానాకాలంలో ధర్మవరంలో చుట్టాల గృహప్రవేశం జరిగింది. భోజనాల తర్వాత మామ, అంటే బావ వాళ్ల నాయన, చెయ్యి తుడుచుకుంటూ మా నాయనతో, "ఇంగ పిల్లలను ఎన్నాళ్లు పెట్టుకుంటాం? మాఘమాసంలో తాంబూలాలు మార్చుకుంటే సరి" అన్నాడు. మా నాయన మేనత్తను చూశాడు, మేనత్త మా అమ్మను చూసింది, మా అమ్మ అవ్వను చూసింది. అందరూ తలలూపారు. మా ఇద్దరినీ ఎవరూ అడగలేదు. అడిగినా ఊపేవాళ్లమేమో, ఎందుకంటే పక్కనే నిలబడి మేమిద్దరం కూడా తలలూపాం. ఆ తర్వాత ఎవరూ చూడకుండా కొత్త ఇంటి మిద్దె మీదికి పోయి, ఆరబెట్టిన పట్టుపంచెల మధ్య నిలబడ్డాం.

"నువ్వు ఎందుకు ఊపినావు?" అన్నాడు బావ.

"నువ్వు ఊపినావని ఊపినా."

"నేను మీ నాయన ఊపినాడని ఊపినా. ఇప్పుడేం చేద్దాం?"

"వద్దని చెప్పేయి. మొగపిల్లోనివి కదా."

"అవ్వ ముందర మొగా లేదు, ఆడా లేదు. నువ్వు చెప్పు, నిన్నైతే కొట్టదు."

కిందినుంచి పాత్రలు కడిగే చప్పుడు వస్తూ ఉంది. అప్పుడు బావే ఉపాయం చెప్పాడు. నేను అతనికి ఒక పిల్లను చూడాలి. అతను నాకు ఒక పిల్లోన్ని చూడాలి. రెండు పక్కలా ప్రేమలు కుదిరాక పెద్దవాళ్ల ముందు నిలబడితే, ఇంక ఎవరు ఎవరిని వద్దన్నారన్న మాటే రాదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. ఆ మధ్యాహ్నం ఆ ఉపాయం మాకు ఎంత తెలివిగా కనిపించిందంటే, మేము ఆ మిద్దె మీద నిలబడి ఒకరినొకరు మెచ్చుకున్నాం. (కులం గోత్రం సంగతి గుర్తుకు రాలేదా అని మీరు అడగవచ్చు. వచ్చింది. వచ్చినప్పుడల్లా "అది తర్వాత చూద్దాం" అనుకున్నాం.)

బావకు నేను చూసింది మిస్సును. బావ నాకోసం చూసిన మనిషి వాళ్ల అంగడి పైన అద్దెకుండే పశువుల డాక్టరు. బత్తలపల్లి దిక్కు పల్లెల్లో డ్యూటీ. రోజంతా గొర్రెల మందల చుట్టూ తిరుగుతాడు కాబట్టి అంగడివాళ్లందరూ అతన్ని గొర్రెల డాక్టరనేవాళ్లు. "మంచోడు, మాట తక్కువ, నవ్వితే బాగుంటాడు" అని బావ ఫోన్లో చెప్పాడు. "ఎప్పుడు నవ్వుతాడు?" అని అడిగితే, "నేనింగా చూడలా" అన్నాడు. ఇద్దరినీ ఒక ఆదివారం పెనుకొండకు మా ఇంటికి రప్పించాలని అనుకున్నాం. ఇద్దరికీ అసలు సంగతి చెప్పకూడదు, చెబితే బిగుసుకుపోతారు. మిస్సుతో నేను "మా అమ్మ ఓళిగలు చేస్తాంది, మా ఊరు చూపిస్తా రా" అన్నాను. (ఓళిగలంటే బొబ్బట్లే.) బావ డాక్టరుతో ఏం చెప్పాడో నేను అడగలేదు. అడగకపోవడం నా పొరపాటు.

ఆ ఆదివారం పొద్దున నేనూ మిస్సూ ఇల్లు చేరిన కాసేపటికి, బావ వెనకాలే డాక్టరు మా గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో నల్లటి మందుల సంచి. కొంచెం నల్లగా, బక్కపలచగా, బాగా దువ్విన తలతో ఉన్నాడు. నాకు నమస్కారం పెట్టి, "మేక యాడుందండీ?" అన్నాడు.

"ఏం మేక?" అన్నాను.

బావ నా కాలు తొక్కాడు. నన్ను పక్కకు లాక్కుపోయి, "ఈడ మా మామ ఇంట్లో మేకకు జరమని చెప్పి పిలుచుకోని వచ్చినా. లేకపోతే ఆదివారం పూట కదలడు" అని గుసగుసలాడాడు.

"మాకు మేక యాడిది బావా? ఉండేది ఒక మగ్గం. దానికి జరమని చెప్పు."

"పక్కింట్లో లేదా?"

మా వెనక వీధిలో మేకలు సాకే ఒక ముసలావిడ ఉండేది. పరుగెత్తి పోయి, ఒక మేకను కాసేపు ఇమ్మని అడిగాను. "ఏం చేస్తావు మేకను?" అంది. డాక్టరుకు చూపిస్తానన్నాను. "దానికేమైంది?" అంది. ఏమీ కాలేదన్నాను. "ఏం కాకపోతే డాక్టరెందుకు?" అంది. "ఊరికే వచ్చినాడు, చూసిపోతాడు" అని తాడు పట్టుకుని మేకను లాక్కుని వచ్చాను. మేక ఒకపక్క, ముసలావిడ ఒకపక్క నా మీద అనుమానంతో వెనకే నడిచారు.

డాక్టరు సంచి తెరిచి థర్మామీటరు తీశాడు. మేకకు జ్వరం ఎక్కడ చూస్తారో నాకు ఆ రోజే తెలిసింది, మేకకు కూడా ఆ రోజే తెలిసినట్టుంది. అది ఒక్క గంతు వేసి మా నాయన ఆరబెట్టిన పడుగు దారాల వైపు ఉరికింది. మా నాయన కేక వేశాడు. బావ కొంగు లాంటిది ఏదో అడ్డం పెట్టుకుని గోడకు అతుక్కుపోయాడు. (అది మా అమ్మ చీర. తీగ మీదినుంచి లాగాడు.) అప్పటిదాకా అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతున్న మిస్సు గ్లాసు కింద పెట్టి, చున్నీ నడుముకు చుట్టుకుని, రెండడుగుల్లో మేకను పట్టేసింది. దాని మెడను మోకాళ్ల మధ్య ఇరికించి, "సుమ్మనిరు" అని కన్నడంలో గద్దించింది. మేక గమ్మున నిలబడింది. నేనూ నిలబడ్డాను. డాక్టరు థర్మామీటరు పట్టుకుని, తలెత్తి ఆమెను చూశాడు.

"మేకల్ని సాకినారా మేడం?"

"గొర్రెలు. మా ఇంట్లో మంద ఉండాది" అంది మిస్సు. "మీరు కానీండి, ఎక్కువసేపు ఉండదు ఇది."

జ్వరం లేదని తేలింది. "ఎవరు చెప్పినారు జరమని?" అన్నాడు డాక్టరు. "నిన్న ఉండె" అన్నాడు బావ. "నిన్న నాకాడే ఉండె, బాగుండె" అంది ముసలావిడ. డాక్టరు వచ్చినందుకు దానికి నులిపురుగుల మందు తాగించాడు. అది చూసి ముసలావిడ మిగిలిన మేకలను తెచ్చింది. ఆమెను చూసి ఎదురింటివాళ్లు తెచ్చారు. ఊరికే చూసే డాక్టరు వచ్చాడని వీధి వీధంతా పాకింది. మధ్యాహ్నం దాకా డాక్టరు మందు పోస్తుంటే, మిస్సు ఒక్కొక్కదాని మెడ పట్టుకుని నోరు తెరిపిస్తూ నిలబడింది. ఎవరిని ఎవరికి చూపిద్దామని పిలిపించామో ఆ ఇద్దరూ అక్కడ పని చేస్తుంటే, చూసుకోవలసిన మేమిద్దరం అరుగు మీద కూర్చుని నెయ్యి పోసుకుని ఓళిగలు తిన్నాం. అవ్వ గడపలో కూర్చుని వక్కాకు నములుతూ అంతా చూస్తూ ఉంది.

"పర్వాలేదు, మొదటిసారి కదా" అన్నాడు బావ. "మీ మిస్సు నన్ను చూసిందా?"

"చూసింది. నువ్వు చీర కప్పుకున్నప్పుడు."

తర్వాతి ప్రయత్నం కూడా పెనుకొండలోనే, కొండ కింద పడుకుని ఉండే కుంభకర్ణుని దగ్గర. ఆ విగ్రహం చూసినవాళ్లకు తెలుసు. ఆయన హాయిగా నిద్రపోతుంటాడు, చుట్టూ రాక్షసులు లేపడానికి తంటాలు పడుతుంటారు, కడుపులోకి మనుషులు పోయి రావచ్చు. మా ఏర్పాటు ప్రకారం బావ, మిస్సు కడుపులోకి పోవాలి. డాక్టరుతో నేను పాదాల దిక్కు నడవాలి. కానీ లోపలికి పోయే ముందు డాక్టరు గొంతు సవరించుకుని, "మేడం, మనం అట్ల కొండ దిక్కు పోయొద్దాం. వీళ్లను ఈడ కూర్చోనీండి" అన్నాడు. మిస్సు నన్నూ బావనూ ఒకసారి చూసి, "అదే మంచిది సార్" అని వెంటనే నడిచింది. మేము కుంభకర్ణుని చెవి దగ్గర కూర్చుని, వాళ్లు చెట్ల వెనక కనిపించకుండా పోయేదాకా చూశాం.

"నన్ను చూస్తే డాక్టరుకు భయమా బావా?"

"సిగ్గుపడతాండాడు. చానా ఇష్టముంటే మనిషి ఎదురుగా నిలబడలేడు. మరి మిస్సు?"

"ఆమె కూడా అంతే. నీ దిక్కు చూడను కూడా చూడలా, చూసినావా?"

మాకు ఎంతో తృప్తిగా అనిపించింది. చూడకపోతే ప్రేమ, పక్కకు పోతే ఇంకా పెద్ద ప్రేమ అని ఆ రోజు మేము తీర్మానించాం.

చలికాలం మొదలయ్యాక మిస్సును ధర్మవరం తీసుకుపోయాను. చీర కొంటానంటే తోడు వచ్చింది. బావ అంగట్లో తన ప్రతాపం చూపించే రోజు అది. తెల్లటి పరుపు మీద కూర్చుని ఒక్కొక్క చీర విప్పుతూ, జరీ గురించి, బార్డరు గురించి, ఏ మగ్గం మీద ఎవరు నేశారో దాని గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. మొహంలో వెలుగు. నిజం చెప్పాలంటే ఆ గంటసేపు మా బావ చాలా బాగున్నాడు. కానీ అతను మిస్సును ఒక్కసారి కూడా చూడలేదు, చీరను చూస్తూ మాట్లాడాడు. మిస్సు కాసేపు తలూపింది, తర్వాత గోడమీది గడియారం చూసింది, తర్వాత "పైన డాక్టరు సారు ఉండారా?" అంది. ఆ మాట కోసమే మెట్ల మీద నిలబడినట్టు డాక్టరు దిగి వచ్చాడు. "మేడం, టీ తాగొద్దాం రండి, వీళ్లు మాట్లాడుకోనీ" అన్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. పరుపు మీద చీరల కుప్ప మధ్య నేనూ, బావా మిగిలాం. "ఈ నెమలికంఠం రంగు బాగుండాది కదా" అన్నాడు బావ, ఇంకా ఆ చీర లోకంలోనే ఉండి.

అప్పటికి నాకు కొంచెం చిరాకు మొదలైంది. డాక్టరు నాతో మాట్లాడినప్పుడల్లా మిస్సు గురించే అడిగేవాడు. ఆ మేడం యాడ చదివింది, ఆదివారాలు ఏం చేస్తాది, వాళ్ల మందలో ఏ రకం గొర్రెలు. నేను అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పేదాన్ని, నేరుగా నా గురించి అడగడానికి మొహమాటపడి స్నేహితురాలితో మొదలుపెట్టాడని అనుకుని. గదిలో మిస్సు కూడా అంతే. బావ గురించి ఎంత పొగిడినా "ఊఁ" అనేది, ఆ వెంటనే "నీకు నచ్చినాడు కదా, సరి బిడు" అని నవ్వేది. నేనేదో బావ తరఫున మాట్లాడుతున్నానని ఆమెకు అర్థమైందనీ, అందుకే నవ్వుతోందనీ అనుకున్నాను. ఆ వయసులో నాకు ఏది జరిగినా దానికి ఒక అర్థం దొరికేది, అది ఎప్పుడూ నాకు అనుకూలంగానే ఉండేది.

ఇంతలో మాఘమాసం రానే వచ్చింది. మామ తాంబూలాలకు రోజు పెట్టించాడని మా అమ్మ ఫోన్ చేసింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతులో సంతోషం లేకపోవడం నేను గమనించలేదు. ఆటకు మొదలుపెట్టింది ఆట లాగా లేదు. ఆ రాత్రే బావకు ఫోన్ చేశాను. "ఎవరూ లేనిచోట కూర్చుని ఏదో ఒకటి తేల్చుకుందాం" అన్నాడు. ఆదివారం లేపాక్షికి రమ్మన్నాను. హిందూపురం నుంచి ఆటో పట్టుకుంటే దగ్గర, పైగా అక్కడ మా చుట్టాలెవరూ లేరు. మిస్సుకు ఆఫీసులో పని ఉందని చెప్పాను. ఆమె కూడా ఆ రోజు స్కూల్లో పని ఉందంది.

లేపాక్షి పెద్ద నంది దగ్గర నేనూ బావా కలుసుకుని, నీడ కోసం విగ్రహం వెనక వైపు పోయాం. అక్కడ మా మిస్సు, బావ వాళ్ల డాక్టరు పక్కపక్కన కూర్చుని, కాగితం పొట్లంలోంచి కారం చల్లిన దోసకాయ ముక్కలు తింటున్నారు. డాక్టరు నవ్వుతున్నాడు. బావ చెప్పింది నిజమే, నవ్వితే బాగున్నాడు.

నలుగురిలో ముందు తేరుకున్నది మిస్సే. "మీరూ ఈడికే వచ్చినారా?" అని తెరిపిన పడ్డట్టు నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చింది. "చెప్పుంటే కలిసే వస్తాంటిమి కదా. ఇంగా మా దగ్గర దాచేదేముంది?"

"ఏం దాచినాం?" అన్నాను.

"అయ్యో, మీ సంగతే కణే. మీ ఇద్దరూ ఇష్టపడినారని మొదటి దినమే తెలిసింది మాకు. ఇంట్లో తెలియకుండా కలిసేదానికి తోడు కావల్ల, అందుకని మమ్మల్ని పిలుస్తాండారని."

డాక్టరు గౌరవంగా తలూపాడు. "లేని మేకకు జరం వచ్చినప్పుడే నాకు అర్థమయిందండీ. ప్రేమలో మనిషి ఎంత కష్టపడతాడో అనిపించింది. అందుకే మిమ్మల్ని వదిలేసి మేడంను పక్కకు పిలుచుకోని పోతాంటి. ప్రతిసారీ ఏదో ఒకటి మాట్లాడల్ల కదా. మాట్లాడి మాట్లాడి..." అని ఆగి, దోసకాయ ముక్కను చూశాడు. మిస్సు చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు చెవులు ఎర్రబడతాయని నాకు అప్పటిదాకా తెలియదు.

బావ అలాగే ఎండలో నిలబడి, "అంటే మా కోసం మీరు..." అన్నాడు. "మీ కోసమే" అంది మిస్సు. నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. అక్కడే గడ్డిలో కూలబడి, గృహప్రవేశం మిద్దె నుంచి తాంబూలాల దాకా అంతా చెప్పేశాను. మిస్సు కళ్లద్దాల పైనుంచి మమ్మల్ని చూస్తూ పూర్తిగా విన్నది. తర్వాత ఆఖరి బెంచీ పిల్లలతో మాట్లాడే గొంతుతో, "ఇద్దరికీ ఇష్టం లేదు. ఇంట్లో చెప్పలేదు. అంతే కదా? లేవండి. ఇప్పుడే పోయి చెప్పండి" అంది. డాక్టరు మాకు నీళ్ల సీసా ఇచ్చాడు, దూరం పోయే గొర్రెలకు ఇచ్చినట్టు.

పెనుకొండ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అవ్వ రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుడుతూ ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. మేమిద్దరం ఆమె ముందు కూర్చున్నాం. బావ నన్ను మోచేత్తో పొడిచాడు, నేను అతన్ని పొడిచాను.

"అవ్వా, నీతో ఒక మాట చెప్పల్ల" అన్నాను.

"చెప్పు."

"మాకు..." అన్నాను.

"మేము..." అన్నాడు బావ.

అవ్వ రాట్నం ఆపలేదు. "పెండ్లి వద్దు మీకు. అంతేనా?"

మా ఇద్దరి నోళ్లూ తెరుచుకున్నాయి. "నీకెట్ల తెలుసు?" అన్నాడు బావ.

"చేసుకోవాల్సినోడు పిల్ల ఇంటికి ఇంగొకన్ని తలదువ్వి పిలుచుకోని వస్తాడా? నాకు కండ్లు కనపడవనుకున్యారా?" దారం తెగితే ముడివేసి మళ్లీ తిప్పింది. "అప్పటి నుంచి చూస్తాండా, ఈ పొద్దు చెప్తారు, రేపు చెప్తారు అని. ఇద్దరూ నోట్లో నీళ్లు పోసుకున్నట్ల ఉండారు. ఆడ మీ మామ రోజు కూడా పెట్టిచ్చె. నాకు నిద్ర పట్టలా."

"మరి నువ్వే వద్దని చెప్పుండొచ్చు కదవ్వా."

"ఏమని చెప్పల్ల? మీ మేనత్తకు పొడుగు కోడలు కావల్ల, నువ్వేమో నా మాదిరి పొట్టి. ఆయమ్మ నోరు తెరిస్తే అన్న నొచ్చుకుంటాడని గమ్మునుండాది. మీ నాయనకు సొంతంలో పిల్లనిచ్చేది ఇష్టం లేదు, చెల్లెలు ఏడుస్తాదని ఊరకుండాడు. మీ అమ్మకు వాండ్లిద్దరి భయం. అందరూ నాకోసం అనుకుంటాండారు."

"నీకు ఇష్టమే కదా మరి?" అన్నాను.

"నాకా? నాకెందుకు?"

"తొట్టి కాడ నువ్వే కదా అన్నింది, ఈ పిల్ల వీనికే అని."

అవ్వ రాట్నం ఆపి నన్ను చూసింది. "పసిబిడ్డను చూసినప్పుడు ఏదో ఒకటి అంటారు కదమ్మా."

బావ నవ్వడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఇరవై మూడేళ్లు నేను మోసిన మాట అది. "మరి వచ్చినోల్లందరికీ మా మనవడు ఉండాడు, మనవడు ఉండాడు అని ఎందుకు చెప్తాంటివి?" అని అడిగాను.

"చెప్పకపోతే? నువ్వు ఇంటరు చదివేటప్పటి నుంచి సంబంధాలు తెస్తాండారు. మీ నాయనకు గట్టిగా కాదనేది చేతకాదు. మనవనికి అనుకున్యాం అని ఒక్క మాటంటే కాఫీ తాగి లేచిపోతాండ్రి. నువ్వు డిగ్రీ చదివితివి, హిందూపురంలో ఉద్యోగం చేస్తివి, యాడంటే ఆడ తిరిగితివి. ఎవురన్నా అడ్డం వచ్చిరా?" మళ్లీ రాట్నం తిప్పింది. "ఇంగ ఆ మాట ఉండదు. రేపట్నుంచి మీరే చూసుకోండి."

అవ్వ చేతి కింద దారం సన్నగా కదులుతూ ఉంది. ఆమె ఒడిలో తల పెట్టాలనిపించింది కానీ, పని చెడుతుందని తిడుతుందేమోనని పక్కనే కూర్చున్నాను. మేము ఇన్నాళ్లూ తప్పించుకోవాలని చూసిన ఆ పాత మాట, మమ్మల్ని మిగతా వాళ్ల నుంచి కాపాడుతూ వచ్చిందన్నమాట.

అవ్వ చెప్పినట్టే అయింది. తాంబూలాలు లేవని తెలిసిన వారం లోపలే మా ఇంటికి సంబంధాలు రావడం మొదలైంది. ఒకాయన అనంతపురం నుంచి వచ్చి నా నడక చూడాలన్నాడు, ఇంకొకామె నా చేత పాట పాడించింది. (విన్నాక ఆమె మళ్లీ రాలేదు.) ఆదివారం ఆదివారం పట్టుచీర కట్టుకుని కూర్చునేదాన్ని. ధర్మవరంలో బావది కూడా అదే కథ. రాత్రి ఫోన్ చేసి, "మే, మన తాంబూలాలు మళ్లీ పెట్టించుకుందామా?" అనేవాడు. మేనత్త ఆఖరికి అతనికి తల ద్వారబంధానికి తగిలేంత పొడుగు పిల్లను తెచ్చింది. ఆమెకు చీరలంటే ప్రాణం, బావ చెప్పేదంతా వింటుంది. మిస్సుకు, డాక్టరుకు మడకశిర పల్లెలో పెళ్లయింది. అల్లుడు గొర్రెల డాక్టరని తెలిశాక మిస్సు వాళ్ల నాయన రెండో ప్రశ్న అడగలేదు. తాళి కట్టిన సాయంత్రమే మందలో ఒక గొర్రెకు ఈనడం కష్టమైతే కొత్త పెళ్లికొడుకు పంచె ఎగ్గట్టి పోయాడు, వెనకాలే మిస్సు పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని పోయింది. నేనూ బావా పందిట్లో కూర్చుని భోంచేశాం, మా అలవాటు ప్రకారం.

ఇప్పుడు అవ్వ లేదు. ఫోన్లో మొహాలు తోసేసే పిల్లను చూస్తే, ఆ రోజుల్లో నేను రైలు కిటికీ పక్కన కూర్చుని, లోకంలో నాకంటే గడుసుది లేదన్నట్టు నాలో నేను నవ్వుకుంటూ పెనుకొండకూ ధర్మవరానికీ తిరగడం గుర్తొస్తుంది. ఆ రైలు కిటికీ పిల్ల ఒకవేళ ఇప్పుడు నాకు ఎదురుపడితే, "ఏమే, ఇంత తిరుగుడెందుకు? వద్దని ఒక్క మాట చెప్పు, చాలు" అని చెవి పట్టుకుని చెప్పాలనిపిస్తుంది. నోటిదాకా వచ్చాక ఆగిపోతాను. చెబితే వింటుంది, గడుసుదే కానీ మంచి పిల్ల. విని ఇంటికి పోయి చెప్పేస్తుంది, ఒక్క పూటలో అంతా తేలిపోతుంది. అప్పుడు ఆ ఆదివారాలు ఒక్కటీ ఉండవు. అందుకే చెప్పను. పోనీలే, తిరగనీ అనుకుంటాను.